నోరు కట్టుకున్నా నమ్మరెందుకు?

మా గోరంట్ల వైపు 'చిక్కినావే' అన్నది మొన్నమొన్నటి దాకా దిగులు మాట. హాస్టళ్ళ నుంచి సెలవులకు ఇంటికొచ్చిన పిల్లల్ని చూసి జేజులూ అవ్వలూ అనే మాట. దాని వెనక 'ఆడ కడుపుకింత పెట్టలేదా మే' అన్న నిలదీత వుండేది. ఇప్పుడదే మాట అభినందన అయింది. సెమినార్లలో, పుస్తకావిష్కరణ సభల్లో చాన్నాళ్ళకు కలుసుకున్న ఆడవాళ్ళం ఒకరినొకరం పలకరించుకునే తొలి మాట 'చిక్కారే!' అన్నదే. విన్నవాళ్ళ మొహం వెలుగుతుంది. ఒక మాట ఒక్క తరంలో ఇలా తిరగబడటం భాషాచరిత్రలో వింత కాకపోవచ్చు. కరువు సీమలో తిరగబడటం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది.

తెలుగులో కొవ్వు ఎప్పుడూ ఒట్టి కొవ్వు కాదు. 'కొవ్వెక్కింది', 'ఒళ్ళు బలిసింది', 'తిన్నదరగక' - ఇవి శరీరాన్ని వర్ణించే మాటలు కావు, గుణం మీద చెప్పే తీర్పులు. ఎవరిని అంటారో గమనిస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఎదురు చెప్పిన కోడలికి కొవ్వెక్కుతుంది. కూలి పెంచమన్న పనిమనిషికి ఒళ్ళు బలుస్తుంది. వాళ్ళు ఎముకల గూళ్ళలా వున్నా సరే. అంటే కొవ్వు అన్నది తన స్థానం మరిచిన వాళ్ళ మీద మోపే నేరం. దానికి విరుగుడుగా మన భాష చెప్పే మందులు రెండే: ఒళ్ళు వంచడం, నోరు అదుపులో పెట్టుకోవడం. ఈ రెండోది తిండికీ వర్తిస్తుంది, మాటకీ వర్తిస్తుంది. ఆడపిల్ల ఈ రెండు అదుపుల్నీ ఒకే వయసులో నేర్చుకుంటుంది.

ఇక నా సంగతి క్లుప్తంగా చెప్తాను. సాహిత్యంలో డాక్టరేట్ చేశాను. వయసు ముప్పై ఆరు. ఇరవై నెలలుగా బరువు తగ్గే ప్రయత్నంలో వున్నాను. మోకాళ్ళ నొప్పి, మా ఇంట్లో అమ్మవైపూ నాయనవైపూ వున్న షుగరు - ఇవీ కారణాలు. పొద్దున అయిదింటికి లేచి గంట నడక. వారానికి మూడు రోజులు బరువులతో వ్యాయామం. రాత్రిళ్ళు అన్నం మానేసి కూరలూ పప్పూ. తిన్నది తిన్నట్టు నోటుపుస్తకంలో రాసుకున్నాను. పరిశోధన చేసినవాళ్ళకు ఆ పని కష్టం కాదు. 81 కిలోల నుంచి అయిదు నెలల్లో 75కి వచ్చాను. ఆ తర్వాత కూడా అదే తిండి, అదే నడక. ముల్లు మొదట ఆగింది, తర్వాత వెనక్కి నడిచింది. ఇప్పుడు 79. థైరాయిడ్ పరీక్షల్లో ఏ తేడా లేదు.

ఇందులో నన్ను ఎక్కువ బాధపెట్టింది 79 అన్న అంకె కాదు. నోటుపుస్తకం తెరిచి చూపించినా ఎవరూ నమ్మకపోవడం. "దాచకుండా చెప్పమ్మా, మధ్యలో ఏమన్నా తింటున్నావా?" అని ఒక డాక్టరు. "రాత్రిపూట ఎవురికీ తెలీకుండా చెనిక్కాయలు తింటాండావేమో మే" అని మేనత్త, నవ్వుతూనే. "నిజంగా నడిస్తే తగ్గకుండా ఎట్లుంటారు మేడమ్?" అని తోటి అధ్యాపకుడు. ఎవరి మాటలోనూ ద్వేషం లేదు. వున్నదల్లా గట్టి నమ్మకం. ఆడమనిషి అబద్ధమాడొచ్చు గానీ తూకం అబద్ధమాడదన్న నమ్మకం.

నా ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది. ఒక మనిషి ఎట్లా బతుకుతోందో చెప్పడానికి ఆమె మాటకన్నా ఆమె బరువు మెరుగైన సాక్ష్యమా? తత్త్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వచ్చిన తన పుస్తకంలో ఒక రకం అన్యాయానికి పేరు పెట్టింది. మాట్లాడే మనిషి ఎవరన్నదాన్ని బట్టి ఆమె మాటకు ఇవ్వాల్సిన విలువను ముందే తగ్గించేయడం. సాక్షిగా ఆమెను చిన్నబుచ్చడం. అత్యాచారం కేసుల్లో, ఇంటి హింస కేసుల్లో ఈ అన్యాయాన్ని మనం బాగా ఎరుగుదుం. తిండి విషయంలో కూడా అదే జరుగుతోందని గుర్తించడానికి మనకు ఎందుకో మనసొప్పదు. బహుశా ఇక్కడ అవతలి పక్షం మనిషి కాదు, యంత్రం కావడం వల్లనేమో.

యంత్రం చెప్పేదేమిటో చూద్దాం. 'తక్కువ తిను, ఎక్కువ కదులు' అన్న లెక్క వెనక ఒక వూహ వుంది. శరీరం బ్యాంకు ఖాతా లాంటిదనీ, తీసినంత తగ్గుతుందనీ. కానీ శరీరానికి తన జాగ్రత్త తనకుంది. తిండి తగ్గితే అది కరువొచ్చిందనుకుంటుంది, ఖర్చు తగ్గించుకుంటుంది, ఆకలి పెంచుతుంది. 2016లో కెవిన్ హాల్ బృందం అమెరికాలో బరువు తగ్గే టీవీ పోటీలో పాల్గొన్న 14 మందిని ఆరేళ్ళ తర్వాత పరీక్షించింది. ఎక్కువమంది చాలా బరువు తిరిగి పెరిగారు. అయినా వాళ్ళ శరీరాలు విశ్రాంతిలో ఖర్చు చేసే శక్తి, ఆ బరువుకు వుండాల్సినదానికన్నా సగటున రోజుకు సుమారు 500 క్యాలరీలు తక్కువగానే వుంది. ఆస్ట్రేలియాలో 2011లో వెలువడిన అధ్యయనం, బరువు తగ్గిన ఏడాది తర్వాత కూడా ఆకలిని పెంచే హార్మోన్ల మార్పులు అలాగే వున్నాయని చూపింది. వ్యాయామం సంగతీ అంతే. టాంజానియాలో వేటాడి, దుంపలు తవ్వుకు బతికే హడ్జా ప్రజలు రోజంతా నడుస్తారు. వాళ్ళ రోజువారీ శక్తి ఖర్చు, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, కుర్చీల్లో కూర్చునే అమెరికన్ల ఖర్చుకు దాదాపు సమానమని 2012లో హర్మన్ పాంట్జర్ బృందం తేల్చింది. ఒకచోట ఖర్చయిన దాన్ని శరీరం మరోచోట మిగుల్చుకుంటుంది.

వీటన్నిటికన్నా ముందుది మిన్నెసోటా ప్రయోగం. 1944-45లో యాన్సెల్ కీస్, యుద్ధంలో పాల్గొనడానికి నిరాకరించిన 36 మంది ఆరోగ్యవంతులైన యువకులకు 24 వారాల పాటు అర్ధాకలి తిండి పెట్టాడు. రోజుకు దాదాపు 1,570 క్యాలరీలు. వాళ్ళకు తిండి తప్ప మరో ధ్యాస లేకుండా పోయింది. వంట పుస్తకాలు పోగేసుకున్నారు. మనసు చెదిరింది. ఆంక్షలు ఎత్తేశాక ఎంత తిన్నా తృప్తి లేక తిన్నారు. దృఢమైన విశ్వాసం కోసం సమాజాన్ని ఎదిరించిన మగవాళ్ళు వాళ్ళు. సంకల్పబలం లేదని ఎవరూ అనలేరు. ఆ 1,570ని శాస్త్రం ఆకలి అంది. ఇవాళ ఆడవాళ్ళ చేతిలో పెట్టే డైట్ చార్టుల్లో సర్వసాధారణంగా కనబడే అంకె 1,200. దాన్ని క్రమశిక్షణ అంటున్నాం.

తిండిని తూచి మనిషి నిజాయితీని పరీక్షించడం ఈ నేలకు కొత్త కాదు. ధాత కరువు నాటికి, అంటే 1876-78లో, అనంతపురం జిల్లా ఇంకా ఏర్పడలేదు. మన తాలూకాలు బళ్ళారి జిల్లాలో వుండేవి. కరువు అత్యంత తీవ్రంగా తాకిన జిల్లాల్లో అదొకటి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని తగ్గించాడు. మగవాడికి రోజుకు 450 గ్రాముల ధాన్యం, ఒక అణా. ఆడమనిషికి అంతకన్నా కొంచెం తక్కువ. ఎండలో రోజంతా గొడ్డుచాకిరీకి అది చాలునన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం కార్నిష్ చాలదన్నాడు. కనీసం 680 గ్రాముల ధాన్యం, దానితో పప్పూ కూరలూ వుండాలని పోట్లాడాడు. నాటి సర్కారుకు పెద్ద భయం ఒకటుండేది: ఆకలి లేనివాళ్ళు ఆకలని చెప్పి కూలి కాజేస్తారేమోనని. అందుకే ఇంటికి దూరంగా వున్న పనిచోటికి రాగలిగితేనే ఆకలి నిజమన్న పరీక్షలు పెట్టారు. 'ఆకలైతోంది' అన్న మాట చాలలేదు. శరీరంతో రుజువు చేయాల్సి వచ్చింది.

నా ఇరవై నెలల చిరాకును ఆ చావులతో పోల్చడం లేదు. అలా పోలిస్తే అది అశ్లీలం. కానీ రెండుచోట్లా పనిచేసే తర్కం ఒకటే. తిండి గురించి కింది మనిషి చెప్పేది నమ్మదగింది కాదు, శరీరాన్ని తూచితే నిజం బయటపడుతుంది అన్న తర్కం. అప్పుడు సన్నటి మనిషి 'తిన్లేదు' అంటే నమ్మలేదు. ఇప్పుడు లావుపాటి మనిషి 'తిన్లేదు' అంటే నమ్మరు.

ఆ తూకం పుట్టుక కూడా చూడాలి. ఎత్తుకూ బరువుకూ మధ్య లెక్కను 1830లలో బెల్జియం గణాంకవేత్త అడాల్ఫ్ క్వెట్‌లే కట్టాడు. ఆయన వెతికింది 'సగటు మనిషి'ని. ఒక్కొక్కరి ఆరోగ్యాన్ని కొలవాలని కాదు. 1972లో దానికి 'బాడీ మాస్ ఇండెక్స్' అని పేరు పెట్టింది మిన్నెసోటా ప్రయోగం చేసిన యాన్సెల్ కీసే. ఆ పరిశీలన అయిదు దేశాల పురుషుల మీద జరిగింది. మగవాళ్ళ దేహాల మీద లెక్కగట్టిన కొలత ఇవాళ మన చీర కుచ్చిళ్ళ దాకా వచ్చి కూర్చుంది.

ఇక్కడ ఆగి ఒక అభ్యంతరానికి జవాబు చెప్పాలి. ఇదంతా బరువు సమస్యే కాదని చెప్పుకునే సాకు కదా? కాదు. కొలత మనకు సరిపడదంటే దానర్థం మనకు ముప్పు తక్కువని కాదు, ఎక్కువ. పుణె వైద్యుడు సి.ఎస్. యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో 'లాన్సెట్'లో తమ ఫోటో ప్రచురించారు. ఇద్దరి బి.ఎం.ఐ. ఒకటే, 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. తక్కువ బరువుతో పుట్టే మన పిల్లల్లో కూడా కండ తక్కువ, కొవ్వు ఎక్కువ అని యాజ్ఞిక్ బృందం చూపింది. 1944-45లో నాజీ దిగ్బంధంలో ఆకలికి మాడిన హాలెండ్‌లో, గర్భం తొలి సగంలో వుండగా ఆ కరువు తగిలిన మగపిల్లల్లో పందొమ్మిదేళ్ళకు స్థూలకాయం ఎక్కువగా కనబడిందని 1976లో వచ్చిన అధ్యయనం చెప్పింది. తల్లి ఆకలి బిడ్డ ఒంట్లో మిగిలిపోతుందన్నమాట. కరువు సీమల్లో పుట్టిన మనం 'నా ఒళ్ళు నా ఇష్టం' అనేసి షుగరును పక్కకు నెట్టేయలేం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం స్త్రీలు అధిక బరువుతోనో స్థూలకాయంతోనో వున్నారు. 14.8 శాతం వుండాల్సినదానికన్నా సన్నగా వున్నారు. అదే సర్వేలో 58.8 శాతం స్త్రీలకు రక్తహీనత వుంది. ఈ మూడో అంకెను మొదటిదాని పక్కన పెట్టి చదవాలి. బరువెక్కువా, రక్తం తక్కువా ఒకే ఒంట్లో వుండొచ్చు. కడుపు నిండింది గానీ పోషణ అందలేదు.

ఎందుకు అందలేదో గోరంట్లలో ఏ వంటింట్లో అడిగినా తెలుస్తుంది. మా జేజి తరం తిన్నది రాగిసంగటి, కొర్రన్నం, ఊరిబిండి. వరన్నం పండగకే. చేలల్లోకి వేరుశనగ వచ్చి కొర్రలనూ సామలనూ వెళ్ళగొట్టింది. 1983లో వచ్చిన కిలో రెండు రూపాయల బియ్యం పేదింటికి నిజంగానే అన్నం పెట్టింది. దాన్ని వెక్కిరించే హక్కు నాకు లేదు. కానీ కంచంలో మిగిలింది ఎక్కువగా ఆ అన్నమే. ఆడవాళ్ళ కంచంలో మరీనూ. పప్పులో పప్పు మగవాళ్ళకు, పిల్లలకు. చివర మిగిలిన అన్నం, చారునీళ్ళు ఆమెకు. పారేయలేక తినే మాడు కూడా ఆమెకే. అది ఏ నోటుపుస్తకంలోనూ తిండిగా నమోదు కాదు.

ఇప్పుడు ఆ కొర్రలే సిరిధాన్యాల పేరుతో, బియ్యాన్ని మించిన ధరకు, రంగు పొట్లాల్లో తిరిగొచ్చాయి. తెలుగునాట గత ముప్పై ఏళ్ళలో తిండిని సంస్కరించినవాళ్ళను గుర్తు చేసుకోండి. మంతెన సత్యనారాయణ రాజు ఉప్పూ నూనే మానమన్నారు. వీరమాచినేని రామకృష్ణ అన్నం మాని కొబ్బరినూనె తాగమన్నారు. ఖాదర్ వలీ కొర్రలూ అరికలూ అండుకొర్రలూ తినమన్నారు. వాళ్ళలో ఎవరిది నిజమన్న చర్చలోకి నేను పోవడం లేదు. ముగ్గురి మాటలూ ఒకదానికొకటి పొసగవు గానీ ఒక్క విషయంలో తేడా లేదు. చెప్పింది మగవాళ్ళు, వండింది ఆడవాళ్ళు. భర్త డైట్‌లో వుంటే ఇల్లంతా డైట్‌లో వుంటుంది. భార్య డైట్‌లో వుంటే పొయ్యి మీద రెండో గిన్నె ఎక్కుతుంది. తను తినని ఓళిగలు ఇంటిల్లిపాదికీ ఆమే కాల్చాలి.

నడక సంగతి కూడా అంతే. చలం 'స్త్రీ'లో ఆడదాని శరీరానికి వ్యాయామం కావాలన్నప్పుడు దాన్ని స్వేచ్ఛలో భాగంగా అడిగాడు. వందేళ్ళకు అది మనకు శిక్షగా అందింది. మా వూళ్ళో మగవాళ్ళు చిత్రావతి వైపు చేతులూపుకుంటూ ఎప్పుడైనా నడుస్తారు. ఆడవాళ్ళం తెల్లవారకముందే, గుంపుగా, మాధవరాయస్వామి గుడి దాకా పోయి తిరిగొస్తాం. నాతో కొన్నాళ్ళు నడిచిన ఒకామె హిందూపురం దగ్గర బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్ మీద పనిచేస్తుంది. తెల్లారేసరికి బస్సెక్కాలి. తొమ్మిది గంటలు కూర్చునే వుండాలి. "రోజూ ముప్పావుగంట నడువమంటారక్కా. ఆ ముప్పావుగంట యాడ దొరుకుతుందో గూడా రాసిస్తే బాగుండు" అంది ఒకరోజు. నడక మానేసింది. సోమరి అనిపించుకుంది.

కాబట్టి నేను బాధ్యత లేదనడం లేదు. బాధ్యతకూ నేరానికీ తేడా చూడమంటున్నాను. నా చేతిలో వున్నది నడవడం, తినేదాన్ని చూసుకోవడం. వాటికి నేను జవాబుదారీనే. ముల్లు ఎక్కడ ఆగుతుందన్నది నా జన్యువులు, నేను పుట్టకముందటి ఆకళ్ళు, నా వేళలు, నా వూరి రోడ్లు కలిసి తేలుస్తాయి. నా చేతిలో లేనిదాన్ని చూసి నా చేతిలో వున్నదాన్ని చేయలేదని తీర్పు చెప్పడం తర్కంలో తప్పు. ఆ తీర్పును రోజూ ఎదుర్కొనే మనిషి తన మాట మీద తనే నమ్మకం కోల్పోతుంది. అది నైతికంగా తప్పు. నేను కూడా కొన్ని రాత్రులు నోటుపుస్తకం తిరగేసి, రాయకుండా ఏమన్నా తిన్నానా అని నన్ను నేనే విచారించుకున్నాను. సాక్షే తనను తాను అనుమానించుకునే స్థితి అది.

ఆ స్థితి ఎంత దూరం తీసుకుపోతుందో తెలుగువాళ్ళకు 2015 చూపించింది. ఆ ఏడాది జూన్ 6న నటి ఆర్తీ అగర్వాల్ న్యూజెర్సీలో చనిపోయింది. వయసు 31. కొన్ని వారాల ముందు ఆమె కొవ్వు తీసే ఆపరేషన్ చేయించుకుందని వార్తలొచ్చాయి. అంతకు ముందు ఏళ్ళ తరబడి ఆమె ఒంటి మీద జోకులేసిన పత్రికలే ఆ రోజు కన్నీళ్ళు కార్చాయి. అదే ఏడాది నవంబరులో 'సైజ్ జీరో' వచ్చింది. ఆ పాత్ర కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. తర్వాత ఏళ్ళ పాటు ఆమె ప్రతి సినిమాకూ, ప్రతి ఫోటోకూ ప్రేక్షకులు అడిగిన ప్రశ్న ఒకటే: తగ్గిందా లేదా? దేహాన్ని పనిముట్టుగా వాడి నటించినందుకు మగ నటుడికి మెచ్చుకోలు దక్కుతుంది. ఆమెకు మిగిలింది తూకం.

ఇక కొత్త మందులు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ ఇండియా మార్కెట్లోకి వచ్చాయి. వారానికొక ఇంజెక్షన్. వాడిన చాలామందికి రోజంతా తిండి గురించి మనసులో సాగే రొద తగ్గుతుందట. దీని తాత్త్విక అర్థాన్ని మనం ఇంకా సరిగా పట్టించుకోలేదు. ఆకలి ఒక హార్మోను సంకేతమైతే, ఆ సంకేతం కొందరిలో బిగ్గరగా, కొందరిలో మెల్లగా వినబడితే, సన్నగా వున్నవాళ్ళు ఇన్నాళ్ళూ తమ గుణమనుకున్నది చాలావరకు తమ అదృష్టమే కదా? సూది గుచ్చితే వచ్చేదాన్ని శీలమని ఎలా అంటాం?

అయినా ఈ మందులు తీసుకున్నవాళ్ళను 'అడ్డదారి తొక్కారు' అంటున్నారు. ఈ మాటే అసలు రహస్యం బయటపెడుతోంది. మనకు కావలసింది ఆరోగ్యమే అయితే దారి ఏదైనా ఫర్వాలేదు. మనకు కావలసింది ఆమె ప్రాయశ్చిత్తం. చెమటతో, ఆకలితో, వీలైతే కొంచెం కన్నీళ్ళతో. మందుల ధరలూ దుష్ప్రభావాలూ చర్చించాల్సినవే. బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే ఆమెకు ఇవి ఎప్పుడు అందుతాయన్నది ఇంకా ముఖ్యమైన ప్రశ్న. కానీ 'కష్టపడకుండా తగ్గింది' అన్న ఉక్రోషంలో వైద్యం లేదు. కొవ్వును పొగరుగా చూసే పాత తెలుగే వుంది.

నేను నడక మానలేదు. మోకాలు ముందుకన్నా నయం. మెట్లెక్కితే ఆయాసం రావడం లేదు. మూడు నెలల షుగరు పరీక్ష గీత దాటలేదు. ఈ లాభాలేవీ తూకంలో కనబడవు, నేను చెప్తేనే తెలుస్తాయి. అందుకే నోటుపుస్తకంలో బరువు రాసే గడి కొట్టేశాను. నిద్ర, నొప్పి, ఎన్ని మెట్లు, ఎంత దూరం అన్నవి రాసుకుంటున్నాను.

మనం రాసేవాళ్ళం, పాఠాలు చెప్పేవాళ్ళం. స్త్రీల సాక్ష్యాన్ని సాహిత్యంలో వెతికి, అచ్చు వేసి, సిలబస్‌లోకి తెచ్చినవాళ్ళం. ఒకామె 'నేను ఇంతే తింటున్నాను, ఇంత నడుస్తున్నాను, తగ్గడం లేదు' అన్నప్పుడు ఆ మాటను కూడా సాక్ష్యంగా వినగలమా? ఆమె నడుం వైపు చూపు పోకుండా వినగలమా? ఈసారి సభలో కలిసినప్పుడు చిక్కారనో ఒళ్ళు చేశారనో కాకుండా, ఏం రాస్తున్నారని ఒకరినొకరం అడుగుదాం.